మావయ్య లారీ ఎందుకు ఆగుతోంది

చీదర అంటే ఏమిటో తెలియాలంటే మా అత్తయ్య ఇంట్లో కంప్యూటర్ మూత ఊడదీసి చూడాలి. నేను పనిచేసేది కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలోనే, జనం మురికి నాకు కొత్త కాదు. కీబోర్డుల్లోంచి గోళ్ళు రాలతాయి, లాప్‌టాపుల్లో టీ జిగురు కట్టి ఉంటుంది, అన్నీ చూశాను. అయినా ఆ ఆదివారం మధ్యాహ్నం తిన్నదంతా బయటికొచ్చినంత పనైంది.

కంప్యూటర్ మావయ్యది. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. జీవితమంతా పక్క సీట్లో కూర్చుని, కాలి కిందున్న రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, ఎవరెవరో తిప్పే స్టీరింగు వంక చూస్తూ గడిపాడు. నేర్చుకునేవాళ్ళు బండిని గోడకేసి పోనిచ్చినా గొంతు పెంచడు. నిదానం తల్లీ, నిదానం అంటాడు, అంతే. భోజనాల దగ్గర కూడా ఆయన కుడి పాదం నేలని నొక్కుతూనే ఉంటుంది. ఖర్మకాలి పక్కన కూర్చుంటే నా కాలు పచ్చడే.

తనంతట తాను బండి నడిపే యోగం ఆయనకి సాయంత్రాలే, అదీ కంప్యూటర్‌లో. లారీ నడిపే ఆట. బల్లకి బిగించిన స్టీరింగు, కింద పెడళ్ళు. సరుకేసుకుని ఏవో కొండల్లో పోతుంటాడు. ఎవర్నీ గుద్దడు, ఖాళీ రోడ్డు మీద కూడా ఎర్ర లైటుకి ఆగుతాడు. చూసేవాళ్ళకి ప్రాణం విసిగిపోతుంది.

ఈ మధ్య ఆ లారీ దానంతటదే ఆగడం మొదలైంది. కాసేపు నున్నగా పోతుంది, ఉన్నట్టుండి బొమ్మ నిలబడిపోయి, ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. ఈలోగా లారీ గుంటలో ఉంటుంది. వాళ్ళబ్బాయి, అంటే మా బావ, ఏ పనీ ముట్టుకోడు గానీ అన్నిటి మీదా తీర్పు చెబుతాడు. కంప్యూటర్ బానే ఉంది, నాన్నకే చూపు ఆనడం లేదు, ఇక క్లాసులు మానిపించాలి, స్కూల్ ఓనరు చెవిన వేస్తాను అని అందరి ముందూ అనేశాడట. అత్తయ్య ఫోన్‌లో చెబుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. కన్నతండ్రి అన్నం ముద్ద లాక్కోవడానికి ఎలా చేతులొస్తాయో ఇలాంటివాళ్ళకి. సామాను సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను.

మామూలుగా అయితే తిన్నావా అని అడిగే మావయ్య, ఆ రోజు గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకున్నాడు. అత్తయ్యకి వినపడకుండా అడిగాడు.

"అది మిషన్‌దే కదే? నాది కాదుగా?"

నీదెందుకవుతుంది మావయ్యా, వాడి మొహం, అన్నాను.

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ఏవేవో ప్రోగ్రాములు మీద పడ్డాయి. వేగం పెంచుతానని ఒకటి, చెత్త ఊడుస్తానని ఇంకొకటి. అన్నీ బావ ఉద్ధరించినవే. పీకి పారేశాను. ఆట సెట్టింగుల్లో నీడలూ మెరుపులూ తగ్గించాను. తెర మూలన ఫ్రేమ్ రేటు కనపడేలా పెట్టాను. సెకనుకి ఎన్ని బొమ్మలు మారుతున్నాయో చెప్పే అంకె అది. అరవై ఉంటే దిగుల్లేదు. మావయ్యని లారీ ఎక్కించాను. అరవై చూపించింది. కొండ ఎక్కేలోపు అంకె దబ్బున పన్నెండుకి పడింది, లారీ నిలబడిపోయింది. దాని పక్కనే లోపలి వేడి చూపించే అంకె మాత్రం పైపైకి పోతోంది. మరీ వేడెక్కితే కంప్యూటర్ కాలిపోకుండా తనే నెమ్మదిస్తుంది. ఇంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని బల్ల కిందకి వంగాను.

అత్తయ్య ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. రిమోట్‌కి ప్లాస్టిక్ సంచీ, మిక్సీకి ముసుగు, ఫ్రిజ్ పిడికి గుడ్డ. కంప్యూటర్ డబ్బాకైతే పాత దుప్పటితో కుచ్చులు పెట్టి గౌను కుట్టింది. నడుస్తున్నప్పుడు కూడా తియ్యరట, దుమ్ము పడుతుందని. ఆ గౌను లాగేస్తే వెనక గాలి పోయే చిల్లులన్నిటికీ టేపు అంటించి ఉంది. ఇదేమిటత్తయ్యా అంటే, బొద్దింకలు దూరుతుంటే మూసేశానంది, పెద్ద ఘనకార్యం చేసినట్టు. దూరినవాటిని లోపలే పెట్టి మూసింది మహాతల్లి.

మూత తీశాను. ముక్కిన గోనెసంచీ కంపు గుప్పున కొట్టింది. ఫ్యాను రెక్కల మధ్య జుట్టు ఉండలు. పోపు జిడ్డు పట్టిన దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంది. దాని కింద వెచ్చగా కాపురాలు పెట్టిన బొద్దింకలు, వాటి గుడ్లు, చచ్చినవాటి రెక్కలు, నల్లటి రెట్టలు. ఒకటి నా మణికట్టు మీదుగా జాకెట్టు చేతిలోకి దూరబోయింది. నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు కిటికీ తీశారు. అత్తయ్య మాత్రం తన గౌను నేల మీద పడేశానని మొహం ముడుచుకుంది. ఇంత రోతని ఇంట్లో పెట్టుకుని, పైన కుచ్చులు కుట్టుకుని, ఆయన కళ్ళని ఆడిపోసుకుంటున్నారు వీళ్ళు.

డబ్బాని వసారాలోకి మోసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కుంచెతో గీకాను, బ్లోయరుతో ఊదాను. చిప్పు వేడిని లాగే పేస్టు ఎండి పెచ్చులైతే తుడిచి కొత్తది రాశాను. తీసుకొచ్చి తగిలించాక బావని పిలిచాను. వాడి మొహాన కొట్టినట్టు చూపించాలని. నోట్లో ఏదో నములుతూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

మావయ్య లారీ ఎక్కాడు. ఊరు దాటాడు, కొండ ఎక్కాడు. అరవై. వేడి కూడా అదుపులోనే ఉంది. కళ్ళుంటే చూడు బావా, లోపం ఎవరిదో, అన్నాను. అత్తయ్య కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు నిజంగా కడుపు నిండింది.

మలుపు వచ్చింది. లారీ తిరగలేదు. తిన్నగా వెళ్ళి కొండ అంచున ఉన్న కమ్మీని గుద్దుకుంది.

"ఇదిగో, మళ్ళీ ఆగింది," అన్నాడు మావయ్య.

గుద్దేదాకా నేను అంకె చూస్తూనే ఉన్నాను. అరవై మీంచి కదల్లేదది. రోడ్డు సాఫీగానే పోయింది, ఆయన చేతులే స్టీరింగు మీద బిగుసుకుపోయి ఉన్నాయి. బావ నమలడం ఆపేశాడు. నువ్వు చూశావుగా, ఆగిందిగా, అని మావయ్య నన్నే అడుగుతున్నాడు. బొమ్మలు చూపించే కార్డు పాతదైపోయింది మావయ్యా అనేస్తే సరిపోయేది, నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తెల్లారితే ఎవరో పిల్ల ఈయన్ని నమ్ముకుని బండి నడుపుతుంది.

"ఆగలేదు మావయ్యా," అన్నాను.

ఆయన తెర వంకే చూస్తూ కూర్చున్నాడు. స్టీరింగు మీంచి చేతులు తీశాడు.

"మొన్న క్లాసులో, రోడ్డు మీద కూడా ఇలాగే అయింది. ఎదురుగా వ్యాను వస్తోంది. ఆ తర్వాత చూస్తే అది మా వెనకాల ఉంది. మధ్యలో ఏమైందో నాకు తెలీదు. ఈ ఆట చూసీ చూసీ కళ్ళకి అలా అలవాటైందనుకున్నా. ఇది బాగుపడితే అదీ పోతుందనుకున్నానే."

డాక్టరు దగ్గరికి పోదాం అన్నాను. బావ బండి తియ్యడానికి వెళ్ళాడు. వాణ్ణి చూస్తే కాదు, ఇందాక గెలిచినట్టు విర్రవీగిన నా మొహం తల్చుకుంటేనే రోత పుట్టింది నాకు.

చెప్పులేసుకుంటూ మావయ్య తన ఫోన్ నా చేతికిచ్చాడు. రేపు పొద్దున క్లాసుకొచ్చే పిల్లకి వేరే మాస్టారు వస్తాడని చెప్పమన్నాడు. చెప్పాను.

"వద్దండీ, మా మాస్టారే వచ్చేదాకా ఆగుతాను," అంది ఆ పిల్ల. "ఎప్పుడొస్తారో చెప్పండి."