కొస కలవని గీత

ఆ రోజుల్లో తిరుపతిలో ఒకడికి ఉద్యోగం వచ్చిందంటే, వాడికి జీతం దొరికిందని బంధువులెవరూ అనుకునేవారు కాదు. తమకు కొండ కింద ఒక గది దొరికిందనుకునేవారు. కొర్లగుంటలో మిద్దె మీద నేను అద్దెకున్న ఒంటి గది అలాంటిదే. సత్యవేడు వైపునుంచి మావాళ్ళు తెల్లారి బస్సు దిగి, సంచులు నా మంచం మీద పడేసి, స్నానాలు చేసి, "ఒరే, మేం కొండకి పోయొస్తాం, సామాన్లు సూసుకో" అని వెళ్ళిపోయేవారు. మర్నాడు గుండ్లతో తిరిగొచ్చి, ఒక లడ్డు నా చేతిలో పెట్టి, సంచులు తీసుకుని బస్సెక్కేవారు. "నువ్వెట్లుండావురా?" అని అడిగినవాళ్ళు ఒక్కరుంటే ఒట్టు. వాళ్ళు పోయాక గది మరీ బావురుమనేది. తడి కాళ్ళ గుర్తులు నేల మీద ఆరిపోయేదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ దిగుల్లోనే ఒకసారి కంపెనీ పనిమీద మద్రాసు వెళ్ళి, వాన పడుతుంటే ఒక చిత్రప్రదర్శనలో దూరాను (కళాభిమానం కాదు, లోపల కుర్చీలున్నాయి). అక్కడ ఒక బొమ్మ. ముదురు నీలం కాగితం మీద తెల్లటి వృత్తాలు, త్రిభుజాలు, వాటన్నిటినీ చుట్టుకుంటూ ఒకే ఒక్క తెల్లగీత. అది అంతా తిరిగి తిరిగి, మొదలుపెట్టిన చోటికి రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. యాభై ప్రతులే అచ్చువేసి, ఆ అచ్చు పలకను చెరిపేశారట. కింద పెన్సిలుతో చిత్రకారుడి సంతకం కూడా ఉంది. నాకేమీ అర్థం కాలేదు. కానీ ఇల్లు చేరబోతూ ఆగిపోయిన ఆ గీతను చూస్తే, ఎందుకో నాకు తెలిసినవాడే అనిపించింది. కొనేశాను.

గదిలో అట్టకు బిగించి గోడకు తగిలించాను. అద్దం వేస్తే మెరుపులో బొమ్మ కనిపించదని అందరికీ చెప్పాలనుకున్నాను (అద్దానికి జేబులో ఏమీ మిగల్లేదన్నది వేరే సంగతి). ఎవరైనా ఒక్కరు దాని ముందు నిలబడి "ఇదేంది?" అని అడగాలి. నాకున్న ఆశంతా అదే. అడిగితే చెప్పడానికి ఉపన్యాసం కూడా తయారుచేసుకున్నాను. "ఇందులో బొమ్మను వెతకకూడదు, ఖాళీని చూడాలి" అని గడ్డం గీసుకుంటూ రోజూ అద్దానికి చెప్పేవాణ్ణి. అద్దం ఎన్నడూ ఎదురుప్రశ్న వేయలేదు.

మొదట వచ్చింది మా మామ. కొండ దిగి వస్తూనే తడి తువ్వాలు ఆ అట్ట మీద ఆరేశాడు.

"మామా, అది బొమ్మ!"

"యాడరా బొమ్మ?" అని అటూ ఇటూ చూశాడు. "ఒక్క దేవుడి పటమన్నా లేదే, గోడంతా బోడిగా ఉండాది" అని తన కొత్త గుండు తడుముకుంటూ బస్సుకు పోయాడు.

ఇంటిగలావిడను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. తులసికోట మిద్దె మీదే ఉండేది కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున్నే పైకొచ్చి, దాని ముందు తడిపిండి ముగ్గు వేసి దిగిపోయేది. అంతకుమించి మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒక శుక్రవారం నేను స్నానం చేసి వచ్చేసరికి, పిండిగిన్నె పట్టుకుని నా గదిలో బొమ్మ ముందు నిలబడి ఉంది. కదలకుండా చూస్తోంది. ఇన్నాళ్ళకు ఒక్కరు!

"పెద్దమ్మా, ఇందులో బొమ్మను వెతకకూడదు..."

"నాకు తెలుస్తా ఉండాదిలే అబ్బోడా. చెయ్యి తిరిగినోడే ఏసినాడు. కానీ కొస కలపకుండానే లేసిపోయినాడే! కొస కలపని ముగ్గు ఇంట్లో పెట్టుకుంటారా యాడన్నా? అందుకే నేనే కలిపేసినా."

చూద్దును గదా, ఆ రెండు వేళ్ళ ఖాళీలో బియ్యప్పిండి గీత, ఇంకా తడిగా మెరుస్తోంది.

"పెద్దమ్మా! అట్లాంటివి లోకంలో యాభయ్యే ఉండాయి!" అని అరిచినంత పనిచేశాను.

ఆవిడ మొహంలో జాలి కనిపించింది. "అయ్యో, మిగిలినవి ఎవురి ఇండ్లల్లో ఉండాయో. వాళ్ళకి ఎవురు కలిపిస్తారో పాపం."

కోప్పడదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. బొమ్మ పాడైనందుకు కాదు, నన్నెవరూ చూడని గదిలో ఇంత శ్రద్ధగా చూసిన మనిషి దొరికినందుకు. ఆవిడ అదంతా ఆకలనుకుంది. "కిందికి రా, దోసెలు పోస్తా" అంది.

అప్పట్నుంచి శుక్రవారం దోసెలు కిందే. పిండికి చీమలు బారులు కట్టేవి (కొండకు పోకుండా నా గదికోసమే వచ్చిన చుట్టాలు అవి). అవి తిన్నంత మేర పెద్దమ్మ మళ్ళీ దిద్దేది. "మన ముగ్గు ఎట్లుండాది?" అని అడిగేది.

ఇప్పుడు ఆ బొమ్మ చిత్తూరులో మా ఇంట్లో ఉంది, అద్దం కూడా వేయించాను. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పిండి ఎప్పుడో రాలిపోయింది. బొమ్మ ఇప్పుడు అచ్చం చిత్రకారుడు వేసినట్టే ఉంది, గీత మళ్ళీ రెండు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. మొన్న శుక్రవారం ఇంట్లో ఎవరూ లేరు. అద్దం విప్పి, గుప్పెడు బియ్యప్పిండి తడిపి, వేలితో కొస కలిపాను. వంకరపోయింది. "చెయ్యి తిరగలేదబ్బోడా" అని ఉండేది పెద్దమ్మ ఉంటే. అనేవాళ్ళు లేక ఆ మాట నేనే పైకి అనుకుని, ఆరేదాకా దాని ముందే నిలబడి నవ్వుకున్నాను.