గట్టు కొట్టిన రాజు

సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కేసరికి గోదావరి ఎర్రగా పోటెత్తి ఉంది. ఆ రోజుకి అదే ఆఖరి పంటు అని చెప్పేరు. నేను ఆన్‌లైన్‌లో ఆడే ఆటలో పాత రాజుల కథలు తవ్వుతూ ఉంటాను. అప్పుడూ ఫోన్లో స్నేహితుడితో అదే గొడవ.

“గట్టు కొట్టి సొంత ఊరినే ముంచేసేడు. వాడు ద్రోహి కాక ఇంకేంట్రా?” అన్నాను.

పక్కనున్న పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. “ఎవరి గురించండీ?”

భయమేసింది. ఫోన్ పెట్టేసి, “ఆటలో రాజండీ, నిజం మనిషి కాదు,” అన్నాను.

ఆయన నా చెయ్యి వదల్లేదు. “ఎందుకు కొట్టేడో రాసేరా?”

“లేదండీ. అదే వెతుకుతున్నాం.”

“అవతల ఇంకో ఊరుందేమో చూడండి,” అన్నారు. “మాకు వరదొచ్చినప్పుడు అవతలి పేటలో పిల్లాజెల్లా ఇళ్ళ కప్పులెక్కేసేరండి. నేనే కాలువ గట్టు కొట్టి నీళ్ళు మా వైపు తిప్పేను. పేట బతికింది. మా అన్నయ్యగారి ఇల్లు కూలిపోయింది. ఆయన నాతో మాట్లాడి పన్నెండేళ్ళయిందండి.”

పంటు ఊగుతోంది. ఉండబట్టలేక అడిగేను. “మళ్ళీ అలాంటి వరదొస్తే కొడతారాండీ?”

ఆయన నా చెయ్యి వదిలేసేరు.

“ఆయ్, కొడతానండి,” అన్నారు.

నర్సాపురం రేవులో దిగేటప్పుడు ఆయన నా మొహంకేసి చూడలేదు.