ముగ్గురిదీ ఒకటే మాట

పాల్వంచలో భద్రాచలం బస్సెక్కాను. నా సంచిలో ఒక ఫ్లెక్సీ ఉంది: "ఇల్లు లేని పల్లె పేదల కోసం మూడు షెల్టర్ల సమష్టి కృషి." సదస్సు భద్రాచలంలో, ఏసీ హోటల్లో. ఇల్లు లేనివాళ్లను మాత్రం పిలవలేదు, కుర్చీలు సరిపోవట.

కిటికీ పక్కనున్న ముసలమ్మ తన మూటను ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. "కూసో బిడ్డా, మనిల్లే అనుకో" అంది. మర్యాదకు అన్నదనుకున్నాను. కండక్టర్ ఎక్కడికని అడక్కుండానే ఆమెకు ఆడవాళ్ల జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు.

మాటల్లో తెలిసింది, టేకులపల్లి అవతల అడవిలో ఉన్న ఆమె గుడిసె వానకు కూలిపోయిందట.

"మరి షెల్టర్‌కు పోలేదా అవ్వా?" అన్నాను, ఫ్లెక్సీ ఇచ్చిన ధైర్యంతో.

"ఎందుకు పోలే? పాల్వంచోళ్లు బూర్గంపాడు పొమ్మన్నరు. బూర్గంపాడోళ్లు భద్రాచలం పొమ్మన్నరు. ఆళ్లు మళ్ల పాల్వంచకే పొమ్మన్నరు. మంచోళ్లే బిడ్డా, ముగ్గురూ ఒక్క మాట మీదున్నరు."

సమష్టి కృషి అంటే ఏమిటో మా ఫ్లెక్సీ కూడా ఇంత స్పష్టంగా చెప్పలేదు.

భద్రాచలంలో నేను దిగబోతుంటే, "మళ్లొస్తే ఇంటికి రా బిడ్డా" అంది.

"ఏ ఇంటికి అవ్వా?"

ఆమె తను కూర్చున్న సీటును చేత్తో తట్టింది.

"గిదే. పొద్దుగాల పాల్వంచల ఉంటది, పగటికి గిక్కడికొస్తది. మాపటికి డిపోకు పోతది. అప్పుడు మాత్రం రాకు, నన్ను గూడ దింపేస్తరు."