తెగతెంపుల కాగితం

ఇబ్రహీంపట్నం చౌరస్తా నుంచి మటన్ దుకాణాల వైపు తిరిగితే ముందు వెంట్రుకలు కాలిన వాసన ముక్కుకు కొడుతుంది, ఆ వెంటనే నిర్మల గొంతు చెవిన పడుతుంది. అజీముద్దీన్ దుకాణం పక్కన బొగ్గుల పొయ్యి పెట్టుకుని, మేక తలకాయలూ కాళ్లూ కాల్చి, గీకి, కొట్టి ఇవ్వడం ఆమె పని. ఇనుప చువ్వకు తలకాయ గుచ్చి నిప్పుల్లో తిప్పుతుంది. మొద్దు మీద పెట్టి ఒక్క దెబ్బకు పుర్రెను రెండు చెక్కలు చేస్తుంది. రెండో దెబ్బ వెయ్యాల్సి వస్తే ఆమెకు నామోషీ. ఆదివారం పూట మగవాళ్లు నిలబడి గొణుగుతుంటే, "జర ఆగుండ్రి. మేక తలకాయ గాలుస్తున్న, మీ తలకాయ గాదు గదా!" అని కసురుతుంది. ఇంత నోరున్న మనిషి ఏడేళ్లపాటు నోరు మూసుకుని తన్నులు తిన్నదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి, ఆమె ఎడమ మోచెయ్యి చూడండి. అది ఇప్పటికీ పూర్తిగా చాపడానికి రాదు.

ఆ చెయ్యి విరిచినవాడు ధర్మేందర్, ఆమెను మొదట కట్టుకున్నవాడు. మంచాల ఊళ్లో కాపురం, టిప్పర్ డ్రైవరు. కొట్టడానికి వాడికి కారణం అక్కర్లేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒక దెబ్బ, కూర బాగుంటే "ఎవని కోసం గింత మంచిగ వండినవే?" అని రెండు దెబ్బలు. ఒకనాడు టైరు విప్పే రాడ్డుతో కొడితే మోచేతి ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. దవాఖానలో మెట్ల మీంచి పడిందని వాడే చెప్పాడు. వాళ్లది మెట్లే లేని రేకుల ఇల్లు! ఇంకోసారి కడుపులో తన్నాడు. ఐదో నెల కడుపు పోయింది. నిర్మల రక్తం కారుతున్న కాళ్లతోనే బస్సెక్కి ఇబ్రహీంపట్నంలోని తల్లిగారింట్లో వచ్చి పడింది.

అప్పుడు పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్ల కులంలో ఆలుమగలు విడిపోవాలంటే కోర్టు కాదు, పంచాయతీ. మల్లేశయ్య అనే పెద్దాయన ఇద్దరి నడుమ ఒక గడ్డిపోచ పట్టుకుని, "ఇయ్యాల్టి సంది నువ్వెవరో ఆమెవరో, తెగిపాయె" అంటూ పుటుక్కున తెంపాడు. బాండు పేపరు మీద అదే మాట రాయించి, ఇద్దరితో సంతకాలు పెట్టించి, తానూ పెట్టి, నోటరీ ముద్ర కొట్టించాడు. దాన్నే తెగతెంపుల కాగితమంటారు. చుట్టుపక్కల ఎంతమందో ఆ కాగితంతోనే విడిపోయారు, ఆ కాగితం చూపించే మళ్లీ పెళ్లిళ్లు చేసుకున్నారు. ముద్ర ఉంది, పెద్దల సంతకాలున్నాయి, ఇంకేం కావాలి? నిర్మల కూడా అలాగే అనుకుంది.

ఏడాది తిరిగాక ముత్యాలు వచ్చాడు. బోరు మోటార్లు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. మన్నెగూడ దగ్గర మైసమ్మ గుడిలో నలుగురి ముందు పసుపుతాడు కట్టాడు. రెండో పెళ్లికి ఫొటోలెందుకని నిర్మలే వద్దంది. కాపురం మొదట్లో వాడు చొక్కా తగిలించడానికి చెయ్యి పైకెత్తినా ఆమె మొహానికి చేతులు అడ్డం పెట్టుకునేది. అది చూసి వాడు గోడకున్న మేకులు పీకి చొక్కాల తాడు నడుమెత్తున కట్టాడు. అలాంటి మనిషి! బిడ్డ పుడితే ఎల్లమ్మ తల్లి పేరున రేణుకమ్మ అని పెట్టుకున్నారు. ఆ పిల్లకు ఇప్పుడు మూడేళ్లు.

అంతా సవ్యంగా ఉండగా ధర్మేందర్‌కు కొత్త సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి జాగ్రత్తపరుడు. తెగతెంపుల కాగితం తీసుకుపోయి ఒక వకీలుకు చూపించాడు. కోర్టు డిక్రీ లేనిదే విడాకులు కావని వకీలు చెప్పేసరికి ఆ సంబంధం కాస్తా తప్పిపోయింది. ఆ ఉక్రోషంతో ధర్మేందర్ పట్టపగలు తాగి నిర్మల పొయ్యి దగ్గరికొచ్చి, వచ్చీ రాగానే చెంప మీద కొట్టాడు. ఆమె బొగ్గుల సంచి మీద పడింది.

"నువ్వు గిప్పటికీ నా పెండ్లానివేనంట! నా లగ్గం చెడగొట్టి నువ్వు ఇంకొకనితోని సంసారం జేస్తున్నవా? జైల్ల ఏపిస్త సూడు!"

అజీముద్దీన్ దుకాణం దిగివచ్చి వాణ్ణి మెడ పట్టి గెంటాడు. వాడు మాత్రం అన్నంత పనీ చేశాడు. మొగుడు బతికుండగా, విడాకులు కాకుండా మళ్లీ పెళ్లి చేసుకుందని కోర్టులో ఫిర్యాదు వేశాడు. "ఐదేండ్ల సంది ఆమె నా గడప తొక్కలే, నేనామె మొఖం సూడలే. నాలుగేండ్లాయె, ముత్యాలు అనెటోన్ని పెండ్లి జేసుకొని ఆనితోనే ఉంటున్నది" అని జడ్జి ముందు ఒట్టేసి చెప్పాడు.

సమన్లు అందగానే నిర్మల ఆ కాగితం పట్టుకుని వకీలు సాయిమా దగ్గరికి పరుగెత్తింది. సాయిమా ఆ ఊరి పిల్లే. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టింది.

"అక్కా, కోర్టు లెక్కల నీ మొదటి పెండ్లి తెగలే. రెండోది అసలు పెండ్లే గాదు. ఏడేండ్ల దాంక శిక్ష ఉంటది."

"మరి గీ ముద్ర?"

"గది కాగితం మీద ముద్ర, గంతే. మీ కులంల ఇట్ల విడిపోవుడు తరతరాల ఆచారమని పెద్దమనుషులు కోర్టుల సాక్ష్యం చెప్పి రుజువు జేస్తే మాత్రం ఒప్పుకుంటరు. మల్లేశయ్యను తోలుకరా."

నిర్మల మల్లేశయ్య ఉండే మంచాలకు పోయింది. ఇలాంటి పెళ్లిళ్లకు తోడ్పడిన పెద్దల మీదా కేసు పడుతుందని మల్లేశయ్య చెవిలో అప్పటికే ఎవరో ఊదారు. "నేనెన్నడు నీ పంచాయతీకి రాలే బిడ్డా. ఆ సంతకం నాది గాదు" అన్నాడు ఆ పెద్దమనిషి, కళ్లార్పకుండా!

నిర్మలకు ఒళ్లు మండిపోయింది. ముసలాడని కూడా చూడకుండా రెండు చేతులూ దొరకబుచ్చుకుంది. "గడ్డిపోచ తెంపిన చేతులు గివ్వే గదా! నా లగ్గం తెంపినవ్, ఇప్పుడు నాది గాదంటవా? నీ నోట్ల మన్నువడ!" అని గుంజితే ఆయన మంచం మీంచి కింద పడ్డాడు. కొడుకులు వచ్చి ఆమెను జుట్టు పట్టి ఈడ్చి రోడ్డు మీద పడేశారు. మోకాళ్లు చీరుకుపోయాయి. కుంటుకుంటూ మళ్లీ సాయిమా దగ్గరికే వచ్చింది.

"పోనీ అక్కా, ఇంకో తొవ్వున్నది" అంది సాయిమా. "రెండో పెండ్లి జరిగిందని రుజువు జెయ్యాల్సింది ధర్మేందరే. ఫొటో లేదు, తాళి కట్టించిన పూజారి సచ్చిపోయిండు, సూసిన నలుగురు మనోళ్లే. నువ్వు కోర్టుల నోరు తెరవకు. కేసు దానంతటదే పడిపోతది."

నోరు మూసుకోవడం! నిర్మలకు అంతకన్నా కష్టమైన పని చెప్పలేదెవరూ. అయినా సరేనంది.

కేసు నిలవదని ధర్మేందర్‌కూ అర్థమైంది. పెళ్లాం కన్న బిడ్డ చట్టం ప్రకారం మొగుడి బిడ్డేనని కోర్టు వరండాలో ఎవడో వాడికి నూరిపోశాడు. మర్నాడు పొద్దున్నే నడుముకు రాడ్డు దోపుకుని వచ్చాడు. రేణుకమ్మ గోనెసంచి మీద కూర్చుని బిస్కెట్ తింటోంది. వాడు ఆ పిల్లను చంకన వేసుకున్నాడు.

"నా పెండ్లాం కన్నది నా బిడ్డ. తోలుకపోత. అడ్డమెవడొస్తడో రమ్మను!"

బొగ్గులు దించుతున్న ముత్యాలు పరుగున వచ్చి అడ్డం పడ్డాడు. ధర్మేందర్ రాడ్డు తీసి మొహం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండు పళ్లు నేల మీద రాలాయి. కింద పడ్డవాణ్ణి పక్కటెముకల మీద మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. పిల్ల కెవ్వుమంటోంది. నిర్మల నిప్పుల్లోంచి ఎర్రగా కాలిన చువ్వ లాగి వాడి ముంజేతికి ఆనించి నొక్కిపట్టింది. చర్మం చుయ్యిమని కాలింది. వాడు అరుస్తూ పిల్లను వదిలేశాడు. పిల్ల నుదురు రాయికి తగిలి చిట్లింది. ఆ రక్తం చూసేసరికి నిర్మలకు లోకం కనబడలేదు. మొద్దు మీది కత్తి అందుకుని వాడి మెడ మీదికి ఎత్తింది. ఒక్క దెబ్బ చాలు, ఆమెకు రెండో దెబ్బ అలవాటే లేదు!

అజీముద్దీన్ వెనక నుంచి ఆమె రెండు చేతులూ ఒడిసి పట్టుకున్నాడు. "వద్దు చెల్లే! వీణ్ణి నరికి నువ్వు జైలుకు పోతే పిల్లనెవరు సూస్తరు?"

కత్తి కింద పడేసింది. పిల్లను ఎత్తుకుని నుదుటికి గుడ్డ అదిమిపట్టింది.

పోలీసులు వచ్చి ధర్మేందర్‌ను పట్టుకుపోయారు. బెయిలు మీద బయటికొచ్చాక వాడు చేసిన మొదటి పని, బిడ్డ నాదే, నాకిప్పించండని కోర్టులో అర్జీ పెట్టడం. ఈసారి సాయిమా మొహంలో ధైర్యం లేదు.

"పెండ్లి తెగకముందు పుట్టిన బిడ్డ ఆ మొగనిదే అని కోర్టు మొదాలు అనుకుంటదక్కా. ఆ రోజులల్ల మీరిద్దరు కలిసే వీలే లేకుండెనని మనం రుజువు జెయ్యాలె."

"రక్తపరీక్ష చేయించరాదు?"

"అడుగుత. కోర్టులు ఊకె ఒప్పుకోవు."

"మరి సాక్ష్యం ఎవరు చెప్తరు? మల్లేశయ్యనా?" నిర్మల ఉమ్మేసినట్టుగా అంది.

"చెప్పినోడు ఉన్నడు. ధర్మేందరే." సాయిమా వాడి మొదటి ఫిర్యాదు తీసి వేలు పెట్టి చూపింది. "ఐదేండ్లు నీ మొఖం సూడలేదని ఒట్టేసి చెప్పిండు. కానీ నువ్వు నోరు మూసుకుంటే ఈ రెండో పెండ్లి కేసు కొట్టేస్తరు. గప్పుడు ఆడు, కోపంల అబద్ధం రాసిన, ఆమె నా దగ్గరికి వచ్చిపోతుండె అంటడు."

నిర్మల ఆ ఫిర్యాదును తన వైపు లాక్కుంది. "అంటే కేసు గెలిస్తే బిడ్డ పోతది."

"పోవచ్చు."

"ఓడితే?"

సాయిమా తల వంచుకుంది. "ఓడితే ఆడు రాసింది నిజమని కోర్టే రాస్తది. కానీ జైలక్కా."

దవడకు తీగలు చుట్టించుకున్న ముత్యాలు మాట రాక వద్దు వద్దని తల ఊపాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "ఏడువకు. తీగలు ఊడితే మళ్ల దవాఖానకు పోవాలె" అని నిర్మల కసిరింది. కసురుతూనే కొంగుతో వాడి మొహం తుడిచింది.

వాయిదా రోజున జడ్జి నేరం ఒప్పుకుంటావా అని అడిగాడు. కట్టు కట్టిన చేత్తో ధర్మేందర్ ఎదురుగా నిలబడి నవ్వుతున్నాడు.

"అవ్ సార్, చేసుకున్న" అంది నిర్మల, చౌరస్తా దాకా వినపడేంత గట్టిగా. "గీయన రాసిచ్చింది అక్షరం పొల్లు పోకుండ నిజం. ఐదేండ్ల సంది నేను గీయన గడప తొక్కలే, గీయన నా దిక్కు రాలే. మైసమ్మ గుడిల ముత్యాలును చేసుకున్న. నా బిడ్డ ముత్యాలు బిడ్డ. గది గూడ రాసుకోండ్రి సార్."

"శిక్ష పడుతుందమ్మా, తెలుసు కదా?"

"తెలుసు సార్. ముందైతే రాసుకోండ్రి."

ధర్మేందర్ వకీలు వాడి చెవిలో ఏదో చెప్పాడు. వాడి నవ్వు ఆగిపోయింది. "అబద్ధం! నేను రాసింది అబద్ధం సార్!" అని అరిచాడు. ఒట్టేసి అబద్ధం చెప్పానంటే నీ మీదే ఇంకో కేసు పెట్టాల్సి ఉంటుందని జడ్జి అనేలోపే వాడు బోను మీదికి దూకాడు. నిర్మల జుట్టు పట్టుకుని ఆమె మొహాన్ని చెక్కకేసి బాదాడు. ఒకసారి, రెండుసార్లు. కానిస్టేబుళ్లు వాణ్ణి లాగేసరికి ఆమె పెదవి చీలి గడ్డం నిండా రక్తం. ఆమె చెయ్యి ఎత్తలేదు. "గిది గూడ రాసుకోండ్రి సార్" అని మాత్రం అంది.

ఆరు నెలలు శిక్ష పడింది. మహిళా జైల్లో నాలుగో నెల నడుస్తుండగా ఒక మధ్యాహ్నం సాయిమా ములాఖత్‌కు వచ్చి, జాలీ అవతల నుంచి బిడ్డ అర్జీ మీద వచ్చిన తీర్పు చదివింది. ఫిర్యాదుదారు ఒట్టేసి చెప్పిన మాట ప్రకారమే ఆ బిడ్డ అతనిది కాదు, బిడ్డ మీద అతనికి ఏ హక్కూ లేదు అని ఉంది. నిర్మల మళ్లీ చదవమంది. ఇంకోసారి చదవమంది. మూడోసారి పూర్తయ్యేసరికి జాలీ పట్టుకుని కూలబడి, జైలంతా వినపడేలా భోరున ఏడ్చింది. కాపలా ఉన్నామె పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందే? ఎవరన్న సచ్చిపోయిండ్రా?"

"లేదక్కా" అంది నిర్మల, ఊపిరందక ఎక్కిళ్లు పెడుతూ. "నా బిడ్డ నాకే ఉన్నది."