మామ తర్జుమా చేయని మాట

"బాపు పోయిండు" అని పక్కింటి మామ చిన్నకొడుకు గోడ మీది నుంచి చెప్పేసరికి నేను పెరట్లో పళ్ళు తోముకుంటున్నాను. నోటి నిండా నురగ. ఉమ్మేసి గోడ దగ్గరకు వెళ్ళాను. అంతకు ముందు రోజే దవాఖానాకి వెళ్ళి చూసొచ్చాం. మంచం మీద మామ, పక్కన స్టూలు మీద నేను. "మంచిగున్నవా కోడలా" అని ఆయనే నన్ను అడిగాడు. బాగున్నానండీ అన్నాను. ఆ "అండీ" ఆయనకు తగిలిందని నాకు తెలుసు. తగలాలనే అన్నాను.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, కావలసినంత ఉంది. కానీ ఆయన మీద నాకున్న కోపం ఆయనతో పాటు కాలిపోలేదు. దాన్ని పక్కన పెట్టి రాయమంటే నా వల్ల కాదు.

మేము తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళం. నాన్నకి నాచారంలో ఒక మందుల కంపెనీలో గుమాస్తా ఉద్యోగం దొరికితే, ఉప్పల్‌కీ నాచారానికీ మధ్య ఒక సన్నటి వీధిలో ఇల్లు తీసుకున్నాం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. సామాను దించుతుంటే పక్కింటాయన లుంగీ ఎగగట్టుకుని వచ్చి, ఎవరూ అడక్కుండానే బీరువా ఒక కొస పట్టుకున్నాడు. మర్నాడు నీళ్ళ ట్యాంకర్ వచ్చింది. బిందెల వరసలో అమ్మ ఎక్కడో చివర నిలబడింది. మా మాట తీరు విని ఒకావిడ ఏదో గొణిగింది. ఆయన అరుగు మీద నుంచే, "ఏయ్, మా సుట్టాలు ఆళ్ళు. జర జాగియ్యున్రి" అన్నాడు. వరస జరిగింది. ఆ రోజు అన్నం తింటూ అమ్మ కళ్ళు తుడుచుకుంది, ఊరు కాని ఊర్లో అడుగు పెట్టగానే చుట్టం దొరికాడని.

వరసలు కూడా ఆయనే కలిపాడు. అమ్మకి అన్న, నాన్నకి బావ, నాకు మామ. నేను "మామయ్య గారూ, మీరు" అని మొదలుపెడితే, "మామను మీరు అంటరా ఎవలన్న? బ్యాంకుల మేనేజర్ననుకున్నవా? నువ్వు అను" అన్నాడు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళని నువ్వు అనడం లేదు. నాలుక తిరగడానికి చాలా రోజులు పట్టింది. తిరిగాక గానీ ఆ పిలుపులో ఎంత చనువుందో నాకు తెలియలేదు.

ఆయన నాచారం పాత ఊరివాడు. వాళ్ళ పొలం కంపెనీల కింద పోయింది. ఆ తర్వాత ఒక ఇంజనీరింగ్ షెడ్డులో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. మేము వచ్చేసరికి ఆయన పనల్లా రేడియో వినడమే. మామూలు రేడియో కాదు. సముద్రాల అవతలి ఒక దేశం వాళ్ళ జనం డబ్బుతో నడిపే రేడియో, రోజూ సాయంత్రం షార్ట్ వేవ్ మీద హిందీలో మాట్లాడేది, పాటలు వేసేది. "ఆళ్ళ పైసలు ఖర్చు వెట్టి మనతోని ముచ్చట వెడుతున్నరు. గంత మంచోళ్ళు యాడుంటరు" అనేవాడు. పొద్దున్నే బ్యాటరీలు తీసి గోడ మీద ఎండబెట్టేవాడు. రేడియోకి అత్తమ్మ పాత జాకెట్టు గుడ్డతో కుట్టిన తొడుగు ఉండేది. అత్తమ్మ అంటే ఆయన భార్య.

ఆయన నోట సోమవారం, మంగళవారం అనే మాటలు రావు. వార్తల మీద నలుగురు కూర్చుని వాదించుకునే సోమవారం కొట్లాట దినం. శ్రోతల ఉత్తరాలు చదివే బుధవారం చిట్టీల దినం. గురువారం ఎక్కడెక్కడి దేశాల సంగీతమో వినిపించేవాళ్ళు, అది బాజా దినం. శుక్రవారం శ్రోతలతో ఫోన్లో మాట్లాడతారు కాబట్టి ఫోన్ల దినం. ఆదివారం అడిగిన పాటలు వేస్తారు, ఆ రోజు అత్తమ్మ కోడికూర వండి తీరాలి. ఇది వీధి మొత్తానికి అంటుకుంది. ఇస్త్రీ బండి అతను కూడా "బట్టలు చిట్టీల దినం నాడు ఇస్త అమ్మా" అనేవాడు.

నాచారం కంపెనీల్లో మోటార్లు నడిచినంతసేపూ రేడియోలో గుర్రుమని ఒకటే రొద. "మా పొలంల లేసిన కంపెనీలు, నా రేడియోకు కూడ అడ్డమే" అని తిట్టుకునేవాడు. నవ్వుతూ తిట్టేవాడు గనుక మేమూ నవ్వేవాళ్ళం. గొంతు బాగా అందాలని వాళ్ళ డాబా మీద నుంచి మా డాబా దాకా రాగితీగ లాగి కట్టాడు. రెండిళ్ళ పొడవుంటేనే ఆ దేశం దొరుకుతుందట. రేడియో సరిగ్గా పలకనప్పుడు నేను మా డాబా ఎక్కి తీగ కదిపేదాన్ని. కింద నుంచి "జర పైకి, ఇంక జర, ఆగు ఆగు, దొర్కింది" అని కేక.

నాన్నకి కంపెనీలో కాస్త హిందీ పట్టుబడింది, అమ్మకి ఒక్క ముక్క రాదు. మామే తర్జుమా చేసి చెప్పేవాడు. పావుగంట చర్చ ఆయన నోట అరగంట అయ్యేది. "గా మేడం గట్లన్నది గని సెల్లె, అసలు ముచ్చట ఏందంటే" అని ఆ మేడం కలలో కూడా అనుకోనివన్నీ చేర్చేవాడు. ఒకసారి తిమింగలాల గురించి చెబుతూ చెబుతూ చెరువు చేపల పులుసులోకి దిగిపోయాడు. అమ్మ శ్రద్ధగా విని చింతపండు ఎంత వేస్తారని అడిగింది. బాజా దినం నాడు మాత్రం తర్జుమా ఉండదు. ఒకసారి ఏదో ఎడారి దేశం ఆడమనిషి పాడుతుంటే అమ్మ, "దీని అర్థం ఏంటి అన్నయ్యా" అంది. "నాకు తెల్వది సెల్లె. ఏడుస్తున్నదని మాత్రం తెలుస్తున్నది, సాలదా" అన్నాడు. ఆ పాట అయ్యేదాకా ఎవరమూ కదల్లేదు.

నా హిందీ అక్కడిదే. డిగ్రీ చదివే రోజుల్లో నాకు అర్థం కావట్లేదని విసుక్కుంటే, "సెవులు ఇచ్చి కూసో కోడలా, అదే వస్తది" అనేవాడు. అలాగే వచ్చింది. ఇప్పుడు ఉప్పల్‌లో ఒక బడిలో హిందీ చెబుతున్నాను. నా క్లాసులో పిల్లలు దిగాలుగా కూర్చుంటే ఆ మాటే చెబుతాను. నేను తింటున్న అన్నంలో ఆయన రేడియోకి వాటా ఉంది. కాదంటే నాకు పుట్టగతులుండవు.

ఆ హిందీ రాకపోయి ఉంటే బాగుండేదని కూడా చాలాసార్లు అనుకున్నాను.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. మామ కొడుకులిద్దరూ ధర్నాలకు వెళ్ళేవారు. అందులో నేను తప్పు పట్టేదేమీ లేదు. వాళ్ళ పొలం పోయింది, ఆ పొలాల్లో లేచిన కంపెనీల్లో వాళ్ళకు పని దొరకలేదు, ఎక్కడి నుంచో వచ్చిన మా నాన్నకు దొరికింది. మామ ఈ మాట మా ముందు ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఎంత బాగుండేది. మొహం మీద తిట్టినా పడేవాళ్ళం.

అప్పుడే ఆ విదేశీ రేడియో వారమంతా హైదరాబాద్ గురించి కార్యక్రమాలు పెట్టింది. రోజూ సాయంత్రం రాష్ట్రం మీద మాటలు, చివర ఇక్కడి పాట ఒకటి. పాత శ్రోత కదా, శుక్రవారం కోసం మామకు ఫోన్ చేసి మాట్లాడించి రికార్డు చేసుకున్నారు. ఇక ఆయన కాళ్ళు నేల మీద లేవు. "ఫోన్ల దినం నా మాట వస్తది, అందరు రావాలె. బావా, కంపెనీల చెప్పి జల్ది రా" అని వీధంతా తిరిగాడు. అమ్మ మిరపకాయ బజ్జీలు వేసి పట్టుకొచ్చింది. నేను డాబా ఎక్కి తీగ సరిచేసి దిగొచ్చాను.

రేడియోలో మామ గొంతు వచ్చింది. ముందు పొలం గురించి చెప్పాడు. బాగా చెప్పాడు. అప్పుడు అవతలి ఆవిడ అడిగింది, మీ పక్కన ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారా, వాళ్ళ సంగతేమిటి అని. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. "హై మేడం, బాజూమేఁచ్ హై. మెహమాన్ హై వో లోగాన్. మెహమాన్‌కు మాలూమ్ హోనా, కబ్ ఉఠ్కే జానా."

ఉన్నారు మేడం, పక్కనే ఉన్నారు. అతిథులు వాళ్ళు. ఎప్పుడు లేచి వెళ్ళాలో అతిథికి తెలియాలి. అదీ ఆయన అన్నది.

నాన్న చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. అమ్మ నవ్వు మొహంతో, "మా గురించేనా అన్నయ్యా? ఏమన్నావు?" అంది. మామ అమ్మ వైపు చూశాడు, నా వైపు చూడలేదు. "మీరు మా సుట్టాలని చెప్పిన సెల్లె" అన్నాడు.

మన భాషలో ఉన్న చిక్కు మీకు నేను చెప్పక్కర్లేదు. మేనమామా చుట్టమే, నాలుగు రోజులుండి పోయేవాడూ చుట్టమే. నీళ్ళ ట్యాంకర్ దగ్గర ఆయన అన్న మాటని మేము మాకు కావలసినట్టు తీసుకున్నాం. మెహమాన్ అన్న మాటలో ఆ వెసులుబాటు లేదు. పోనీ, హిందీలో నోరు జారాడు అనుకుందామంటే, చివరి వాక్యం అమ్మకు చెప్పలేదే. తిమింగలానికి పులుసు కలిపి చెప్పే మనిషి, ఆ ఒక్క సాయంత్రం ఉన్నదాన్ని తగ్గించి చెప్పాడు. అంటే తెలిసే అన్నాడు, తెలిసే దాచాడు.

రేడియోలో పాట మొదలైంది. "ఎట్ల మాట్లాడిన బావా?" అని నాన్నని అడిగాడు. "బాగా మాట్లాడారు" అన్నాడు నాన్న. ఎప్పుడూ మాట్లాడావు అనే మనిషి. అని లేచాడు. మిగిలిన బజ్జీలు అమ్మ అత్తమ్మ చేతికిచ్చింది. అత్తమ్మ పళ్ళెం పట్టుకుని గడపలో నిలబడింది, తల ఎత్తలేదు.

ఆ ఆదివారం నాన్న డాబా ఎక్కి మా వైపు తీగ విప్పేశాడు. గాలికి ఊడిందా అని మామ అడిగితే అవునన్నాడు. మామ వాళ్ళ డాబా మీదే ఒక వెదురు గడకి కట్టుకున్నాడు. అప్పట్నుంచి మాట కంటే రొదే ఎక్కువ. నేను మళ్ళీ "మీరు" మొదలుపెట్టాను. "ఏంది కోడలా, మీరు గీరు అంటున్నవు" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. అమ్మకు మాత్రం మేము చెప్పలేదు. ప్రపంచమంతా వినేలా చుట్టాలని చెప్పాడని ఊరికి ఫోన్ చేసి మురిసిపోయింది. ఇది అచ్చయితే అమ్మ చదువుతుంది. చదవనీ.

ఇంకొకటి కూడా రాయాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఆ తర్వాత ఒక బంద్ నాడు అమ్మకు ఆయాసం వచ్చింది. ఆటోలు లేవు. మామ స్కూటర్ తీశాడు. ఉప్పల్ చౌరస్తాలో దారి ఆపి కూర్చున్నవాళ్ళలో ఆయన పెద్దకొడుకు కూడా ఉన్నాడట. "మా సెల్లె. లెవ్వున్రి" అని అందరినీ లేపి దవాఖానాకి తీసుకెళ్ళాడు. అదే మనిషి. ఏది నమ్మమంటారు నన్ను?

కొన్నాళ్ళకు ఆ రేడియో సాయంత్రం ప్రసారం ఆపేసింది. ఏళ్ళ తరబడి "శ్రోతలే మా కుటుంబం" అని చెప్పిన గొంతే, ఇక మీదట మమ్మల్ని ఇంటర్నెట్‌లో వినండి అని చెప్పి వెళ్ళిపోయింది. మామ గోడ దగ్గరకు వచ్చాడు. "ఇన్నేండ్లు ఇన్నోణ్ణి కోడలా. పోతున్నమని ఒక్క మాటన్న ముందుగాల చెప్పకపాయె" అన్నాడు. నాకు మొదట బాగా అయింది అనిపించింది, ఆ తర్వాతే జాలి వేసింది. ఆ వరస మార్చి రాయను.

రాష్ట్రం వచ్చిన రోజు వీధంతా టపాసులు. మామ లడ్డూల డబ్బాతో మా ఇంటికొచ్చి నాన్న నోట్లో ఒకటి పెట్టాడు. "ఫికర్ జేయకు బావా. మీరు యాడికి పోవుడు లేదు, నేనున్న గద" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అదే నాకు ఒళ్ళు మండించింది. మా ఇంట్లో మేము ఉండడానికి ఈయన భరోసా ఏమిటి? "మేము చుట్టాలమా, మెహమాన్లమా మామా? మీరే చెప్పండి" అన్నాను. ఆయన డబ్బా మూత పెడుతూ, "రెండొకటే గద బిడ్డా" అన్నాడు. కాదని ఆయనకూ తెలుసు. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. "మీ అమ్మను ఎక్కువ తిననియ్యకు, షుగరున్నది" అని వెళ్ళిపోయాడు.

క్షమాపణ నాకు అక్కర్లేదు. ఏది నిజమో ఆయన నోటితో చెప్తే చాలనుకున్నాను, దవాఖానా మంచం దగ్గర కూడా దానికోసమే కూర్చున్నాను. చెప్పకుండానే పోయాడు.

దినాలు అయ్యాయి. అయ్యాక ఇంటి ఇల్లాలిని చుట్టాలు తమ ఇంటికి తీసుకెళ్ళి ఒక రాత్రి నిద్ర చేయించడం ఆనవాయితీ. కీసర నుంచి అత్తమ్మ తమ్ముడు ఆటో తీసుకుని వచ్చాడు. అత్తమ్మ చేతిసంచీ పట్టుకుని బయటికి వచ్చింది, ఆటో దాటి వచ్చి మా గేటు తీసింది. "అక్కా, గిటు రా. నిద్ర సుట్టాలింట్ల జేయాలె గద" అన్నాడాయన. అత్తమ్మ వెనక్కి తిరగలేదు. "మరి నేను యాడికి పోతున్న?" అంది.

మర్నాడు పొద్దున తలస్నానం చేసి అమ్మ పెట్టిన కొత్త చీర కట్టుకుంది. అమ్మ వంటింట్లో ఉంది. ఇక ఆగలేక నేనే అడిగాను. "అత్తమ్మా, ఆ రోజు రేడియోలో మామ అన్న మాట..." పూర్తి చేయనివ్వలేదు.

"గట్లనే అనుకున్నడు బిడ్డా. నీకు అబద్ధం జెప్పి ఏం జేద్దు. ఆయన మనసుల గదే ఉండె" అంది. "సెల్లెకు ఎందుకు దాసినవని నేను ఆ దినమే అడిగిన. ఆమె ముఖం జూస్తే నోరు రాలే అన్నడు." కొత్త చీర కొంగు సర్దుకుని, "నేనైతే ఎన్నడు గట్ల అనుకోలే" అంది.

విడిచిన చీర తనే ఉతికి మా పెరట్లో దండెం మీద ఆరేసింది. వచ్చినప్పుడు తీసుకుంటానని చెప్పి తమ్ముడితో కీసర వెళ్ళింది. చీర ఎప్పుడో ఆరిపోయింది. ఇది రాస్తుంటే కిటికీలోంచి కనిపిస్తోంది. అమ్మ తీసి మడత పెట్టబోతే, ఉండనీ, ఆమే వచ్చి తీసుకుంటుందిలే అన్నాను.