నాలుగు పాయల జడ

నా చిన్నప్పుడు చలికాలం వస్తే మా కుట్టు క్లాసు గదిలో జరిగేది కాదు. పామర్రు దగ్గర మా ఊరి హైస్కూలు వెనక వరండా మెట్ల మీద ఉదయపుటెండ బాగా పడేది. కుట్టు టీచరు గారు మమ్మల్ని అక్కడే కూర్చోబెట్టి వైరు బుట్టలు అల్లడం నేర్పేవారు. గోడ అవతల కోతలైన చేలల్లో మంచు ఇంకా విడిచేది కాదు. మేము మాత్రం వీపులకు ఎండ కాచుకుంటూ ముడులు వేసుకునేవాళ్లం. ఆవిడ చండశాసనురాలు. అల్లికలో తప్పు పోతే పైపైన సర్దుకోనిచ్చేవారు కాదు, తప్పు పోయిన చోటిదాకా విప్పించేవారు. సగం బుట్ట విప్పాల్సి వచ్చినప్పుడు మాకు ఏడుపొక్కటే తక్కువ. ఆవిడకు మాత్రం విప్పడమంటే భయం లేదు. బజార్లో కొత్తరకం బుట్ట కనబడితే కొని తెచ్చి, ముడి ముడీ విప్పి చూసి నేర్చుకునేవారు.

నేను ఏడో తరగతిలో ఉండగా, చలి మొదలైన రోజుల్లో మా అమ్మ పోయింది. కడుపులో నొప్పని చాలా కాలంగా అంటూనే ఉండేది, మేమెవరమూ పట్టించుకోలేదు. ఒకరోజు పొద్దున్నే నాకు జడలు వేసి బడికి పంపి, నాన్నతో బెజవాడ ఆసుపత్రికి బస్సెక్కింది. మళ్లీ ప్రాణంతో ఇంటికి రాలేదు.

అమ్మ వేసే జడలు మా బడిలో ఇంకెవరికీ ఉండేవి కావు. అందరివీ మూడు పాయల జడలైతే నావి నాలుగు పాయలవి. చూడ్డానికి గుండ్రంగా, పేనిన తాడులా ఉండేవి. రెండు జడలూ అలా వేసి, పైకి మడిచి రిబ్బన్లు కట్టేది. ఆ పొద్దున వేసిన జడల్ని నేను ఎవరినీ విప్పనివ్వలేదు. కర్మలనాడు తలంటబోతే మా మేనత్త చెయ్యి కొరికాను. ఇక చేసేది లేక జడల మీదే నీళ్లు గుమ్మరించి ఊరుకున్నారు.

చుట్టాలంతా వెళ్లిపోయాక ఇంట్లో నేనూ నాన్నా మిగిలాం. నాన్న రైసుమిల్లులో గుమాస్తా. వంట ఎలాగో నేర్చుకున్నారు గానీ నా తల జోలికి రావాలంటే భయపడేవారు. చూస్తుండగా జుట్టు అట్టలు కట్టింది, పేలు పడ్డాయి, వాసన కూడా వచ్చేది. బెంచీ మీద నా పక్కన కూర్చునే పిల్ల కొంచెం కొంచెంగా జరిగి జరిగి చివరికి వేరే బెంచీకి మారిపోయింది. దాన్ని అనడానికేం లేదు, దగ్గరికొచ్చిన ప్రతివాళ్ల మీదా నేను కయ్యిమని లేచేదాన్ని.

ఒకనాడు అన్నం తింటుండగా నాన్న నా వైపు చూడకుండా అన్నారు. "రేపు బడి వదలగానే సెలూనుకి పోదాం తల్లీ. క్రాపు కొట్టించేద్దాం. జుట్టు మళ్లీ పెరుగుద్దిలే."

జుట్టు పెరుగుతుందని నాకూ తెలుసు. అమ్మ వేసిన జడ మళ్లీ రాదు కదా.

మర్నాడు కుట్టు క్లాసులో నేను వైరు ముట్టుకోకుండా చివరి మెట్టు మీద కూర్చున్నాను. టీచరు గారు ఆవేళ కొబ్బరినూనె సీసా ఒకటి తెచ్చారు. చలికి నూనె తెల్లగా పేరుకుపోయి ఉంటే సీసాను ఎండలో పెట్టారు. బుట్టల క్లాసులో నూనెతో పనేమిటో మాకెవరికీ తోచలేదు. తర్వాత ఆవిడ వచ్చి నా వెనక మెట్టు మీద కూర్చున్నారు. తల ముట్టుకోకుండా చాలాసేపు చూశారు.

"ఈ అల్లిక ఎవరిదే?" అని అడిగారు.

"మా అమ్మదండీ."

"నాకు రాదిది. నేర్చుకోనిస్తావా?"

కుదరదని తల అడ్డంగా ఊపాను. ఆవిడ బతిమాలలేదు. "మీ నాన్న నాతో చెప్పారమ్మాయ్. సాయంత్రం సెలూనుకెళ్లొచ్చాక నేర్చుకుందామన్నా ఏం మిగలదు. ఒక్కటే విప్పుదాం. రెండోదాన్ని అట్టాగే ఉంచుదాం. నాకు తప్పుపోతే దాన్ని చూసి దిద్దుకుంటా" అన్నారు.

నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనీ అనలేదు. ఆవిడ ఎడమ జడ రిబ్బను లాగారు. కరిగిన నూనె వేళ్లకు రాసుకుని, కింది నుంచి ఒక్కొక్క మెలికే విడదీస్తూ, ఏ పాయ ఎటు నుంచి ఎటు వెళ్లిందో బుట్ట గురించి చెప్పినట్టే పైకి చెబుతూ పోయారు. పేలను చూసి మొహం చిట్లించలేదు. పిల్లలంతా బుట్టలు వదిలేసి చుట్టూ చేరారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ చేతులు ఒక్కో మెలికా నన్ను వదిలిపోతున్నట్టే అనిపించింది. ఏడవొద్దని ఎవరూ అనలేదు. బెంచీ మారిపోయిన పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

చిక్కు తీశాక టీచరు గారు మళ్లీ అల్లడం మొదలుపెట్టారు. మొదటిసారి వదులైపోయింది. ఇంకోసారి అల్లబోతే ఏదో తేడా కొట్టింది. ఏడుపు మధ్యలోనే నేను అన్నాను, "అట్టా కాదండీ. మా అమ్మ చివరి పాయని రెండిటి కిందగా తెచ్చి, ఒకదాని మీదగా వెనక్కి తిప్పుద్ది." అనేదాకా ఆ సంగతి నాకు తెలుసని నాకే తెలియదు. అన్నేళ్లు అమ్మ ముందు కూర్చున్న తల కదా, ఏ పాయ ఎటు లాగేదో దానికి గుర్తుంది.

"అయితే విప్పాల్సిందే" అంటూ టీచరు గారు తన తప్పు తానే విప్పుకుంటుంటే పిల్లలు పగలబడి నవ్వారు. ఎన్నాళ్లనుంచి కాచుకున్నారో పాపం. నాకూ నవ్వొచ్చింది. అమ్మ పోయాక నవ్వడం అదే మొదలు. వెంటనే తప్పు చేసినట్టు సిగ్గేసింది.

ఈసారి జడ కుదిరింది. చేత్తో తడిమి చూసుకున్నాను. మెడ దగ్గర బిగువు కూడా అమ్మదే. కాసేపటికి, రెండో జడ విప్పమని నా బెంచీ పిల్లకు నేనే చెప్పాను. ఆ జడని అదే విప్పి, అదే అల్లింది. ఇక మిగతావాళ్లు ఊరుకుంటారా. మెట్ల మీద ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందున్న వాళ్ల జడలు విప్పి నాలుగు పాయలు తీయడం మొదలుపెట్టారు. ఇంటర్వెల్లో పై తరగతి పిల్లలు కూడా వచ్చి చేరారు. ఎవరికి ఎక్కడ తప్పుపోయినా నన్నే పిలిచారు. ఆ పూట నేను మెట్లన్నీ ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను, ఏడవడానికి తీరిక లేకపోయింది.

సాయంత్రం నాన్న సైకిలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ముందు నా తల చూశారు. తర్వాత నా వెనకే బయటికి వస్తున్న పిల్లల్ని చూశారు. ఒకరి తర్వాత ఒకరు, అందరి భుజాల మీదా మా అమ్మ జడలే.

"అమ్మ జడ అందరికీ వచ్చేసింది నాన్నా" అన్నాను.

నాన్న సైకిలు గోడకు ఆనించి, గేటు పక్కన దిమ్మె మీద కూర్చుండిపోయారు. ఆసుపత్రిలోగానీ శ్మశానంలోగానీ కన్నీరు పెట్టని మనిషి, బడి వదిలిన పిల్లలందరి ముందూ భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. మా టీచరు గారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆవేళ సెలూను మాట మళ్లీ రాలేదు.

ఆవిడకు ఆ జడ నిజంగా రాదో, రానట్టు నటించారో నాకు ఇప్పటికీ తెలియదు. అడగాలని తోచే వయసు వచ్చేసరికి ఆవిడ లేరు. ఇప్పుడు నా తలలో నాలుగు పాయలు తీసేంత జుట్టు లేదు. మా అమ్మ ముఖం కూడా సరిగా గుర్తుకు రావడం లేదు, అది తలచుకుంటే దుఃఖం ఆగదు. అయినా ఏ ఆడపిల్ల నా ముందు జుట్టు విరబోసుకుని కూర్చున్నా నా వేళ్లు వాటంతటవే నాలుగు పాయలు తీస్తాయి. ఎవరు నేర్పారని అడిగితే మా అమ్మ అని చెబుతాను. నిజానికి నేర్పే వేళకు అమ్మ లేదు. ఆ చలికాలపు ఎండలో కూర్చుని, అమ్మ చేతిపనిని అమ్మ వేసిన జడలోంచే విడదీసి నా చేతికిచ్చింది మా బడి.