తుడిచేసిన దుమ్ము

లిఫ్టు మెకానిక్ భార్యకు దుమ్మంటే పగ. పెళ్ళయి ఆ పై అంతస్తు వాటాలోకి వచ్చిన నాటినుంచీ ఆమె చేతిలో గుడ్డ లేని పూట లేదు. కింద రోడ్డు మీద లారీలు పోతూనే ఉంటాయి, కిటికీ ఊచల మీద నల్లటి పొడి వాలుతూనే ఉంటుంది. ఆయనకు అదేమీ పట్టేది కాదు. పని దిగి రాగానే చేతుల గ్రీజు కడుక్కుని, తిన్నాననిపించుకుని డాబా ఎక్కేవాడు. అక్కడి చిన్న గదిలో ఆయన టెలిస్కోపు ఉండేది. మూరెడు గొట్టం, దాని వెనక బిగించిన కెమెరా.

టెలిస్కోపంటే చందమామను దగ్గరికి లాగి చూపించేదనుకుంది ఆమె. ఇది అలాంటిది కాదట. ఆకాశంలో పెద్ద ముక్కను ఒక్కసారే పట్టేదట. అదే చోటును రాత్రుల తరబడి ఫొటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేరిస్తే, కంటికి ఆనని ఎర్రటి మబ్బులూ, చుక్కల మధ్య పరుచుకున్న దుమ్మూ మెల్లగా పైకి తేలతాయట.

"ఇంట్లో దుమ్ము కనబడదు గానీ, ఆకాశంలో దుమ్ము కావాల్సొచ్చిందా మీకు?" అని దెప్పేది.

"ఇంట్లోదానికి నువ్వున్నావుగా," అనేవాడు.

ఆ మాటన్న మనిషి చలికాలం చివర్లో ఒక సాయంత్రం పని నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేవలేదు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంది. ఆడపడుచు మాత్రం తోడుగా ఆగింది.

"ఆ గొట్టం ఎవరికైనా ఇచ్చెయ్ వదినా. సవతిని ఇంట్లో పెట్టుకున్నట్టు నీకెందుకది?"

"సవతైనా ఆయన తెచ్చుకున్నదే. ఉండనీ."

అని, గుడ్డ తీసుకుని, నొప్పి మోకాళ్ళతో మెల్లగా పైకి వెళ్ళింది. ఆయన విప్పడం ఎన్నోసార్లు చూసిందే కనుక కెమెరా విప్పింది. దాని ముందున్న చిన్న గాజునూ, గొట్టం అద్దాలనూ మెరిసేదాకా తుడిచి, మళ్ళీ బిగించింది. కన్నీళ్ళు రాని మనిషికి అదే ఏడుపు.

కొన్నాళ్ళకు, కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆమె తమ్ముడు వచ్చాడు. ఆయనతో పాటు డాబా మీద చలిలో వణికినవాడు అతనొక్కడే.

"అక్కయ్యా, బావగారి ఆఖరి బొమ్మ పూర్తి చేద్దాం. ఆకాశం పనంతా ఆయనే చేసేశారు. తెల్లగుడ్డ ఫొటోలే మిగిలాయి. పట్టపగలే తీసేయొచ్చు." మెట్లెక్కుతూ ఆగాడు. "ఎవరూ ముట్టుకోలేదు కదా?"

"తుడిచాను," అందామె. "కెమెరా విప్పి మరీ తుడిచాను."

అతను అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏమయింది తమ్ముడూ?"

"గాజు మీద దుమ్ము రేణువుంటే ఫొటోలో గుండ్రంగా నీడ పడుతుంది అక్కయ్యా. గొట్టం మూతికి తెల్లగుడ్డ కట్టి తీస్తే ఉత్త నీడలే వస్తాయి. వాటిని బట్టి అసలు బొమ్మలోంచి నీడల్ని తీసేస్తాం. దానికి అప్పటి దుమ్ము అలాగే ఉండాలి."

"లేకపోతే?"

"ఏది ఆకాశందో, ఏది గాజుదో చెప్పలేం."

ఆమె గోడకు ఆనుకుంది. "దుమ్ము తుడవలేదని తిట్లు తిన్న ఆడవాళ్ళున్నారు. తుడిచి మొగుడి పని పాడుచేసింది నేనే కాబోలు."

అయినా ఆశ చావక, ఆయన తెల్ల బనియను గొట్టానికి కట్టి తీశారు. నీడలు కలవలేదు. కంప్యూటరు తెర మీద ఎర్రటి మబ్బు, దాన్ని కప్పుతూ గోధుమరంగు పొరలా చుక్కల మధ్య దుమ్ము, వాటి మీద అక్కడక్కడా గ్లాసు అడుగు తడి మచ్చల్లాంటి వలయాలు.

"పక్కనున్న రంగు అద్దేస్తే మచ్చలు పోతాయి. ఎవరికీ తెలీదు," అన్నాడతను.

"ఆ మచ్చల కింద అసలేముంది?"

"తెలీదు."

"తెలీనిది పెడితే మీ బావగారు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. నేనొకసారి అలా చేస్తే చాన్నాళ్ళు నన్ను 'పెయింటరు గారూ' అని పిలిచారు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఇన్నాళ్ళూ రాని ఏడుపుగా మారిపోయింది.

ఆమె కళ్ళు తుడుచుకున్నాక అతను అన్నాడు: "ఇంకో దారుంది. ఆకాశంలో ఆ చోటు చలికాలానికి మళ్ళీ పైకొస్తుంది. అప్పుడు మనం ఇంకొన్ని తీసి ఆయనవాటితో కలిపితే, మన ఫొటోల్లో నీడలు వేరేచోట పడతాయి గనక ఆయన ఫొటోల్లోవి చాలామటుకు కరిగిపోతాయి."

"మనమంటే?"

"నేను వీలైనప్పుడే రాగలను. మిగతా రాత్రులు మీరే తీయాలి. నేర్పిస్తాను."

"బాగుంది సంబడం," అంది గుమ్మంలోంచి ఆడపడుచు. "మోకాళ్ళు పట్టుకుని వంటింటిదాకా రాలేని మనిషి చలిలో డాబా ఎక్కుతుందా?"

ఆమెకు ఒళ్ళంతా తడిసిన దుప్పటిలా బరువుగా ఉంది. పడుకుంటే చాలనిపించింది. బనియను మడత పెట్టి టెలిస్కోపు పెట్టెలో ఉంచి, గది తలుపు దగ్గరికి వేసింది.

మర్నాడు ఆడపడుచు గుడ్డ భుజాన వేసుకుని పైకి బయలుదేరింది.

"ఎక్కడికమ్మా?"

"పై గది దులిపొస్తాను వదినా. నీకెందుకు శ్రమ?"

"వద్దు. చలికాలంలో మేం తీసే ఫొటోలూ, వాటి తెల్లగుడ్డ ఫొటోలూ అయ్యేదాకా ఆ గదిలో ఎవరూ ఏదీ తుడవొద్దు."

గుడ్డ అందుకుని మేకుకు తగిలించి, గోడ పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగుతూ తానే పైకి వెళ్ళింది.